మడ అడవి పక్క రొయ్యల చెరువుల్లో బావురు పిల్లి: 20 కెమెరాలు, 6 ఆడియోమాత్‌లతో ఎంత వరకు చెప్పగలం?

పర్రనేల (ప్రశ్న)

అందరికీ నమస్కారం అండి.

కోరింగ అభయారణ్యం లోపల బావురు పిల్లుల (ఫిషింగ్ క్యాట్) లెక్క ఒకటి ఉంది. 2018లో కెమెరాలతో చేసినప్పుడు 115 అని అటవీ శాఖ ప్రకటించింది. హద్దు దాటి తాళ్ళరేవు, ఐ.పోలవరం మండలాల వైపు వస్తే అంతా ముక్కలు ముక్కలుగా మిగిలిన మడ, మధ్యలో వనామి రొయ్యల చెరువులు, పంట కాలువలు. పిల్లులు ఈ గట్ల మీద తిరుగుతున్నాయని కాపలా వాళ్ళు చెబుతారు. ఏయే గట్ల మీద, ఎంత తరచుగా అన్నదానికి మాత్రం రాసిపెట్టిన లెక్క లేదు.

కాలేజీ జువాలజీ విభాగం, నాలుగు మత్స్యకార గ్రామాల యువకులు, కొందరు చెరువు రైతులు కలిసి మొదలుపెడదామని ఆలోచన. చేతిలో ఉన్నవి 20 కెమెరా ట్రాప్‌లు (మామూలు ఇన్‌ఫ్రారెడ్ రకం, 8 డబుల్-ఎ బ్యాటరీలవి), 6 ఆడియోమాత్‌లు (అడవిలో వదిలేస్తే శబ్దాలు పట్టే చిన్న రికార్డర్లు). డిసెంబరు నుంచి మార్చి వరకు సమయం ఉంది.

అడగదలచుకున్నవి ఇవీ. కెమెరాలు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో కట్టాలి? పోటు నీళ్ళలో మునగకుండా ఎలా? ఆడియోమాత్‌లు ఏ పనికి వాడితే బాగుంటుంది? అటవీ శాఖ, రైతులు, గ్రామాలతో ముందే ఏం రాసుకోవాలి? చివర్లో "ఇక్కడ ఇన్ని పిల్లులు ఉన్నాయి" అని చెప్పగలమా?

చుక్కలలెక్క

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి. ఈ సరంజామాతో "ఇన్ని పిల్లులు" అని చెప్పకండి. "ఎక్కడెక్కడ వాడుతున్నాయి, ఏది ఉంటే వాడుతున్నాయి" అని గట్టిగా చెప్పవచ్చు.

ఎందుకంటే సంఖ్య చెప్పాలంటే ఒక్కో పిల్లిని విడిగా గుర్తుపట్టాలి. ఒంటి మీది చుక్కలతో అది సాధ్యమే. కానీ ఎడమ పక్క చుక్కలు వేరు, కుడి పక్క వేరు. రెండు పక్కలా ఫొటో పడాలంటే చోటికి రెండు కెమెరాలు ఎదురెదురుగా ఉండాలి. అప్పుడు మీ 20 కెమెరాలు 10 చోట్లకే సరిపోతాయి. నేపాల్‌లోని చిత్వన్‌లో రేడియో కాలర్లు వేసి చూసినప్పుడు ఆడపిల్లి తావు (ఒక్కటి తిరిగే మేర) 4 నుంచి 6 చ.కి.మీ., మగదాని తావు 16 నుంచి 22 చ.కి.మీ. వచ్చింది. ఆడదాని తావు 5 చ.కి.మీ. అనుకుంటే కెమెరాల మధ్య దూరం కిలోమీటరు దాటకూడదు, దాటితే ఒకే పిల్లి రెండు మూడు చోట్ల పడదు, లెక్క కుదరదు. అంటే 10 చోట్లకి వచ్చేది సుమారు 10 చ.కి.మీ. ఒక్క మగ పిల్లి తావు కూడా అందులో పూర్తిగా ఇమడదు. ఒడిశాలోని చిలిక సరస్సు దగ్గర 2021, 2022ల్లో రెండు విడతలుగా చేసిన పనిలో 150 చోట్ల ఒక్కోటి 30 రోజుల చొప్పున కెమెరాలు పెట్టి 176 అన్న అంచనాకి వచ్చారు. లెక్క చెప్పడానికి ఆ స్థాయి కావాలి. దానికి చిలిక అభివృద్ధి సంస్థ, పరిశోధకులు, ఊళ్ళ వాళ్ళు కలిసి పనిచేశారు.

మీకు సరిపోయేది ఆక్యుపెన్సీ పద్ధతి, అంటే ఎన్ని పిల్లులని కాకుండా ఎన్ని చోట్ల ఉన్నాయని అంచనా వేయడం. చోటికి ఒక్క కెమెరా చాలు. 30 రోజుల్ని ఐదేసి రోజుల 6 భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో పిల్లి పడిందా లేదా అని 1, 0 రాసుకోవడమే. ఒక భాగంలో పడే అవకాశం 0.3 అనుకుంటే, పిల్లి వాడే చోటే అయినా ఆరు భాగాల్లో ఒక్కసారీ పడకపోయే అవకాశం 0.7ని ఆరుసార్లు గుణిస్తే వచ్చే 0.12. అది పరవాలేదు. 15 రోజులకే కెమెరా తీసేస్తే అదే 0.34 అవుతుంది, అంటే పిల్లి వాడే చోట్లలో మూడింట ఒకచోట "లేదు" అని తప్పుగా వస్తుంది.

ఇక చోట్ల సంఖ్య. 20 చోట్లతో ఆపేస్తే, సగం చోట్ల ఉంది అని ఫలితం వచ్చినా అసలు విలువ సుమారు 0.28 నుంచి 0.72 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. దాంతో ఎవరికీ ఏమీ చెప్పలేరు. అవే 20 కెమెరాల్ని 30 రోజులకొకసారి కదిపి మూడు విడతల్లో 60 చోట్లు చేయండి, ఆ వెడల్పు సగానికి దగ్గరగా తగ్గుతుంది. నాలుగు నెలల్లో మూడు విడతలు హాయిగా పడతాయి. ఒక్కో విడతలోనూ మడ, చెరువు గట్టు, పంట కాలువ మూడూ కలిసేలా చూడండి. డిసెంబరులో అన్నీ మడలో, ఫిబ్రవరిలో అన్నీ గట్ల మీద పెడితే తేడా నేలదా, నెలదా అన్నది ఎప్పటికీ తేలదు.

చోటు ఎంచుకోవడంలో జరిగే పెద్ద పొరపాటు "ఇక్కడైతే తప్పకుండా పడుతుంది" అన్న చోట్లే కెమెరా పెట్టడం. మ్యాపు మీద కిలోమీటరు గళ్ళు గీసి, గళ్ళని చీటీలు వేసి తీయండి. గడి లోపల మాత్రం అడుగుజాడలు, పెంట కనిపించిన దారి చూసి కట్టవచ్చు. పిల్లి లేని గడి కూడా మీ లెక్కకి ఫలితమే.

ఏటిపాయ

కట్టే పని గురించి.

గట్టు మీద సులువు. నేల నుంచి 30–40 సెంటీమీటర్ల ఎత్తు, దారికి 2 నుంచి 3 మీటర్ల దూరం, దారికి అడ్డంగా కాకుండా కాస్త ఏటవాలుగా. కెమెరా ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. తూర్పు పడమరలకి పెడితే పొద్దున్న, సాయంత్రం ఎండ నేరుగా తగిలి వందల కొద్దీ ఖాళీ ఫొటోలు పడతాయి. ఎదురుగా నీళ్ళు మెరిసేలా అసలు పెట్టకండి. ఈ కెమెరాల సెన్సర్ పనిచేసేది ఒంటి వేడికీ వెనకున్న వేడికీ తేడా మీద. ఎండకి కాగిన నీటి మెరుపు కూడా దానికి జంతువే. మార్చి మధ్యాహ్నాల్లో నేల, గాలి ఒంటి వేడికి దగ్గరగా వస్తాయి కాబట్టి పగటిపూట పట్టు తగ్గుతుంది. బావురు పిల్లి ఎక్కువగా రాత్రి తిరిగేదే, మీకు పెద్ద నష్టం లేదు. అదే కెమెరాలో నీటికుక్కల లెక్క కూడా తీయాలనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

మడలో అసలు సమస్య పోటు. అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటి రెండు రోజుల తరవాత నీరు ఎక్కడిదాకా ఎక్కుతుందో చెట్ల మొదళ్ళ మీద బురద గీత చెబుతుంది. కెమెరా అడుగు భాగం ఆ గీతకి కనీసం 30 సెంటీమీటర్లు పైన ఉండాలి. దాంతో కెమెరా నేల నుంచి మీటరు దాటుతుంది, పిల్లి దాని కింది నుంచి వెళ్ళిపోతుంది. కాబట్టి వెనక పై అంచున చిన్న చెక్క ముక్క దూర్చి ముందుకి వంచాలి. కట్టగానే ఒకరు నాలుగు కాళ్ళ మీద ఆ దారిన నడిచి, ఎక్కడెక్కడ ఎర్ర దీపం వెలుగుతుందో చూడాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టిన కెమెరా నెలంతా ఆకాశాన్నో పీతల్నో తీస్తుంది.

ఇంకో సంగతి. మన తీరంలో సగటు సముద్రమట్టం ఫిబ్రవరి–మార్చిలో తక్కువ, అక్టోబరు–నవంబరులో ఎక్కువ. డిసెంబరు–మార్చి ఎంచుకోవడం సరైనదే. అయితే మార్చిలో పెట్టుకున్న గుర్తుల్ని నమ్మి అక్టోబరులో అదే ఎత్తులో కడితే కెమెరాలు మునుగుతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) పోటు అంచనాలు ఇస్తుంది, అవి చూసుకుని తేదీలు పెట్టుకోండి. కార్డులు మార్చే రోజులు అష్టమి చుట్టుపక్కల పెట్టుకుంటే పోటు పాటుల తేడా తక్కువగా ఉంటుంది, నడక కుదురుతుంది. పడవ మీద పాయల్లోకి పోవాల్సిన చోట్లకి మాత్రం ఎక్కే నీటితో లోపలికి పోయి, తీయకముందే బయటికి రావాలి. ఇది ఊళ్ళో వేటకి పోయేవాళ్ళకి మీకన్నా బాగా తెలుసు, తేదీలు వాళ్ళనే పెట్టమనండి.

చెట్టు సరిగ్గా లేనిచోట పొడవాటి సరుగుడు బాదు తెచ్చి మూడడుగులు బురదలోకి దిగ్గొట్టండి, పైన కెమెరా ఎత్తుకి సరిపడా మిగలాలి. సన్న వెదురు వద్దు, రెండు పోట్లకే ఒరుగుతుంది. తిల్ల చెట్టుకి కట్టాల్సి వస్తే కొమ్మ నరకకండి, మేకు కొట్టకండి. దాని పాలు కంట్లో పడితే చూపు పోయినంత పని అవుతుంది. కెమెరా ముందు అడ్డొస్తున్నాయని శ్వాస వేర్లు కోయడం ఎక్కడా వద్దు, కోయనక్కర్లేని చోటు వెతుక్కోవాలి.

ఉప్పు గురించి రెండు మాటలు. మూత తెరిచే ముందు బయటంతా మంచినీళ్ళతో తుడిచి, చేతులు కడుక్కుని, ఆరాక తెరవండి. తడి ఉప్పు చేతులతో తెరిస్తే బ్యాటరీ బిళ్ళల మీద పచ్చ చిలుము రెండో విడతకే పడుతుంది. మూత చుట్టూ ఉండే రబ్బరు వలయానికి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, లోపల సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టి ప్రతిసారీ మార్చండి. రబ్బరు వలయం మీద ఒక్క ఇసుక రేణువు ఉన్నా మూత మూసినట్టే కనిపిస్తుంది, నీరు మాత్రం లోపలికి వస్తుంది.

బ్యాటరీలు: రీఛార్జ్ అయ్యే నికెల్ రకం 8 పెడితే 9.6 వోల్టులు, ఆల్కలైన్ కొత్తవి 8 పెడితే 12. కొన్ని కెమెరాలు 9.6 మీద పగలు బాగా తీసి రాత్రి ఫ్లాష్ మసకగా ఇస్తాయి. కొనేముందే ఒక రాత్రి పెరట్లో పెట్టి చూడండి. ఆల్కలైన్ అయితే వోల్టేజీ రోజురోజుకీ జారుతుంది, మూడో వారం నుంచి రాత్రి ఫొటోలు నల్లబడతాయి. డబ్బు ఉంటే మడ లోపలి చోట్లకి లిథియం. పాతవీ కొత్తవీ కలిపి వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, కారిపోతాయి.

ఎండు చేప ఎర పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. ఊరకుక్కలు, ఉడుములు వచ్చి చేరతాయి. పైగా పిల్లిని చెరువు గట్టుకి అలవాటు చేసినవాళ్ళం అవుతాం.

లకుముకి

ఆడియోమాత్‌ల గురించి అడిగారు కదా. బావురు పిల్లి కోసం వాటిని వాడకండి. అది అరిచేది అరుదు, అరిచినా మడ ఆకుల్లో దూరం పోదు. వాటిని పక్షుల మీద పెట్టండి, మడ ముక్క ఎంత బాగుందో చెప్పే రెండో సాక్ష్యంగా పనికొస్తుంది.

రికార్డింగు శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే నిమిషానికి 5.76 మెగాబైట్లు. ఐదు నిమిషాలకి ఒక నిమిషం చొప్పున రోజంతా తీస్తే రోజుకి సుమారు 1.66 గిగాబైట్లు. 64 గిగాబైట్ల కార్డు 38 రోజులు వస్తుంది, మీ 30 రోజుల విడతకి సరిగ్గా సరిపోతుంది. గెయిన్ (శబ్దాన్ని పెంచి తీసుకునే స్థాయి) మధ్యస్థంగా ఉంచండి.

ఇక్కడ అందరినీ దెబ్బతీసేది గడియారం. ఆడియోమాత్ మామూలుగా యూటీసీ లెక్కలో, అంటే మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. పొద్దున్న 5:00 అని పెడితే మన గడియారం ప్రకారం 10:30కి మొదలవుతుంది, పక్షుల కూతలన్నీ అప్పటికే అయిపోతాయి. సెట్టింగుల్లో స్థానిక సమయం ఎంచుకోండి. బ్యాటరీ తీసి మళ్ళీ వేస్తే గడియారం పోతుంది, తిరిగి పెట్టాలి. ఇది గట్టు మీద కార్డు మార్చే కుర్రాడికి తప్పక నేర్పాల్సిన విషయం.

చెరువుల ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి. తెడ్డు చక్రం కొట్టే నీటి చప్పుడు తక్కువ పౌనఃపున్యాల దగ్గర ఆగదు, మొత్తం పట్టీ నిండా పరుచుకుంటుంది. ఫిల్టర్ పెట్టినా పోదు. అందుకని రికార్డర్లని మడ ముక్క లోపలి వైపుకి, నేల నుంచి రెండు మీటర్ల పైన కట్టండి. ప్లాస్టిక్ జిప్ కవరులో పెట్టి వేలాడదీస్తే సన్న కూతలు మందగిస్తాయి, గాలికి కవరు చప్పుడు కూడా పడుతుంది. దానికోసమే చేసిన డబ్బా కొనడం మేలు.

కూత విని పక్షి జాతి చెప్పే బర్డ్‌నెట్ సాఫ్ట్‌వేర్ ఫలితాల్ని ఉన్నవి ఉన్నట్టు నమ్మకండి. అది 3 సెకన్ల ముక్కకి ఒక స్కోరు ఇస్తుంది. 0.8 అంటే 80 శాతం నిజమని కాదు. ఒక్కో జాతికి ఆ అంకె అర్థం వేరు. జాతికి ఓ 50 ముక్కలు, తక్కువ స్కోరువీ ఎక్కువ స్కోరువీ కలిపి తీసి, చెవితో విని తప్పో ఒప్పో రాసుకుని, ఆ జాతికి ఎక్కడ గీత గీయాలో అప్పుడు నిర్ణయించాలి. జాతుల పట్టికని ఈ ప్రాంతానికి కుదించి నడిపితే సగం చెత్త అక్కడే పోతుంది.

హోప్ ఐలాండ్ వైపు బురద మేటల మీద దిగే వలస ఉల్లంకుల లెక్క మాత్రం రికార్డరుతో కాదు, టెలిస్కోపుతోనే. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, మీ కుర్రాళ్ళని అందులో కలపండి. మిగతా నెలల్లో పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్‌లో పూర్తి చెక్‌లిస్టులు వేయించండి. చూసిన వాటిలో నచ్చినవే కాకుండా కనిపించిన ప్రతి జాతీ రాస్తేనే అది లెక్కకి పనికొస్తుంది.

పర్రనేల

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. గళ్ళు గీసి చీటీలు వేసే పద్ధతే పెట్టుకుంటాం. ఇంకో రెండు అడుగుతాను. కార్డులు మార్చే పని తగ్గుతుందని ఫోను సిగ్నల్ మీద ఫొటోలు పంపే 4జీ కెమెరాలు కొనమంటున్నారు, కొనవచ్చా? ఇంకొకటి, చెరువు రైతుల్లో ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు గట్టు ఎక్కనివ్వం అంటున్నారు. అటవీ శాఖతో కలిస్తే మా మీదే కేసులు పెడతారని వాళ్ళ భయం.

గట్టుబాట

మాస్టారూ, 4జీ సంగతి చిన్నది, ముందు అది. గట్ల మీద దొంగతనం భయం ఉన్న రెండు మూడు చోట్లకి తప్ప వద్దు. సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది, పంపే ఫొటో చిన్నది కాబట్టి చుక్కలు కనబడవు, అసలు ఫొటో కోసం మళ్ళీ కార్డు దగ్గరికి పోవాల్సిందే.

ఇక రైతులు గట్టు ఎక్కనివ్వమనడంలో న్యాయం ఉంది. వనామి చెరువుకి తెల్లమచ్చ వైరస్ వస్తే పంట మొత్తం పోతుంది. అందుకేగా చుట్టూ పీతల కంచె, పైన పక్షుల వల కడతారు. ఒక చెరువు బురద కాళ్ళతో ఇంకో చెరువుకి పోయే కుర్రాడు వాళ్ళ దృష్టిలో పిల్లి కన్నా పెద్ద ప్రమాదం. కాబట్టి మీరే ముందుగా నియమం పెట్టుకోండి: ఒక రోజు ఒకరు ఒకే రైతు చెరువులకి పోవాలి, గట్టు ఎక్కేముందు పొటాషియం పర్మాంగనేట్ తొట్టిలో కాళ్ళు ముంచాలి, కంచె ఎక్కడా ఎత్తకూడదు, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. ఇంకా మంచిది ఆ చెరువు కాపలా మనిషికే కార్డు మార్చడం నేర్పి, దానికి విడిగా కూలి ఇవ్వడం. కార్డులు కెమెరాకి రెండు చొప్పున కొని, పెయింటుతో అంకెలు వేసి, గట్టు మీద కాపీ చేయడం లాంటివి పెట్టుకోకుండా నిండింది తీసి ఖాళీది వేసి రావడమే పని. అది పది నిమిషాల్లో నేర్పవచ్చు.

కూలి విషయంలో "సేవ" అని సరిపెట్టకండి. ఆ రోజు వేటకి పోతే వచ్చేదో, కాపలాకి ఇచ్చేదో ఎంతైతే అంత, పడవ డీజిలు వేరేగా. ఇది పెట్టుబడిలో మొదటి వరుసలో రాయాలి, మిగిలితే ఇద్దామన్నట్టు కాదు. కెమెరాలు దొరకడం ఈ రోజుల్లో కష్టం కాదు. ఆరు నెలల తరవాత కూడా వరుస తప్పకుండా కార్డు మార్చే మనిషి ఉండడమే కష్టం.

కేసుల భయం మాటలతో పోదు, కాగితం మీద పోతుంది. ఫొటోల్లో మనుషులు పడతారు. పీతలకి పోయే ఆడవాళ్ళు, బహిర్భూమికి వెళ్ళేవాళ్ళు, కట్టెలకి పోయేవాళ్ళు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అడవి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు కెమెరాల వల్ల అడవిలో ఎంత ఇబ్బంది పడుతున్నారో 2024లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు రాశారు, అది చదివి మొదలుపెట్టండి. ఒప్పందంలో ఈ మాటలు ఉండాలి: మనిషి పడిన ఫొటో ఎవరికీ చూపకుండా ఇన్ని రోజుల్లో చెరిపేస్తాం, కేసులకి వాడం, ఎవరు అడిగినా ఇవ్వం. అటవీ శాఖ దీనికి ఒప్పుకోని చోట, అంటే అభయారణ్యంలో కావచ్చు, రిజర్వు అడవిలో కావచ్చు, ఆ సంగతి దాచకుండా ఊళ్ళో చెప్పి, దారుల మీద బోర్డు పెట్టి కట్టాలి. ఊరికి తెలియకుండా కట్టిన కెమెరా వారం ఉండదు. అది పోవడం కన్నా పెద్ద నష్టం ఆ ఊరు మళ్ళీ మిమ్మల్ని నమ్మకపోవడం.

అనుమతులు మూడు రకాలు. అభయారణ్యం లోపల అడుగు పెట్టాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి. బయట రిజర్వు అడవి అయితే డివిజినల్ ఫారెస్ట్ ఆఫీసరు దగ్గర రాతపూర్వకంగా. ప్రైవేటు చెరువైతే రైతు సంతకం. ఎవరి నేల ఏదో మ్యాపులో రంగులు వేసుకుని మొదలుపెట్టండి, మడ ముక్కల్లో చాలావాటికి హద్దు ఎక్కడో నడిచేవాడికి తెలియదు. గ్రామాల జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు కాగితం మీదైనా ఉంటాయి, వాటిని పిలవండి. మీకు దొరికిన జాతుల జాబితా ఆ ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో చేరితే అది మీ కాలేజీ హార్డ్‌డిస్కులో పడి ఉండదు.

బావురు పిల్లి వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది. చెరువులో చేపో రొయ్యో తగ్గినప్పుడు కోపం దాని మీదికే పోతుంది. అందుకే రైతుకి ముందుగా చూపించాల్సింది అతని గట్టు మీద పడిన ఫొటోలే. నక్క, నీటికుక్క, ఊరకుక్క, పిల్లి ఏది ఎన్ని రాత్రులు వచ్చిందో పక్కపక్కన పెట్టి చూపండి. ఆ చిన్న పట్టిక ఒప్పుకోని రైతుల దగ్గరికి మీ బదులు వెళ్తుంది.

చుక్కలలెక్క

ఫొటోలు ఇంటికొచ్చాక చేసే పని మీద కూడా నాలుగు మాటలు, ఎక్కువ ప్రాజెక్టులు ఆగిపోయేది అక్కడే.

కెమెరా కట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఫోనులో జీపీఎస్ సమయం చూపే తెరని కెమెరా ముందు పట్టుకుని ఒక ఫొటో పడనివ్వండి. గడియారం తప్పి ఉంటే ఎంత తప్పిందో దాన్నిబట్టి తెలుస్తుంది, అన్ని ఫొటోల సమయం ఒకేసారి ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో జరపవచ్చు. ఆ ఫొటో లేకపోతే 2000 సంవత్సరం జనవరి 1న తీసిన పిల్లులు మిగులుతాయి.

కార్డు లోపలి పేర్లు మార్చకండి, చోటు–తేదీ పేరుతో ఫోల్డరు చేసి అలాగే దింపండి. రెండు హార్డ్‌డిస్కులు, రెండు వేరు భవనాల్లో. రెండు కాపీలూ తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయాలి.

తరవాత మెగాడిటెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ నడపండి. అది జాతి చెప్పదు, జంతువు, మనిషి, బండి, ఖాళీ అని మాత్రం విడదీస్తుంది. గట్టుబాట గారు చెప్పిన మనుషుల ఫొటోలు విద్యార్థుల కంటపడకముందే పక్కకి తీయడానికి ఇదే మార్గం. అది ఇచ్చే స్కోరులో గీత 0.2 దగ్గర మొదలుపెట్టి, "ఖాళీ" అన్నవాటిలోంచి ఓ 500 తీసి కళ్ళతో చూడండి. బురద పూసుకున్న పిల్లి వీపు, అంచున తోక మాత్రమే పడినవి అందులో దాక్కుంటాయి.

జాతి గుర్తింపు ఇద్దరు విడివిడిగా చేయాలి, తేడా వచ్చినవి మూడో మనిషికి. గందరగోళం ఎక్కువగా మూడింటి మధ్య: అడవి పిల్లికి ఒంటి మీద చుక్కలుండవు, కాళ్ళు పొడవు. పునుగు పిల్లికి మూతి కోసుగా, తోక పొడవుగా, వలయాలతో ఉంటుంది. బావురు పిల్లి బలిష్టంగా, పొట్టి కాళ్ళతో, ఒంటి పొడవులో సగం కూడా లేని లావు తోకతో, వరుసలుగా సాగే చుక్కలతో ఉంటుంది. రాత్రి మసక ఫొటోలో చుక్కలు కనిపించకపోయినా తోక చూసి చెప్పవచ్చు. అది కూడా తేలకపోతే "పిల్లి, జాతి తెలియదు" అని రాసి వదిలేయండి. ఊహించి నింపిన ఒక్క 1, లేనిచోట ఉన్నట్టు చూపి మొత్తం అంచనాని పైకి లాగుతుంది.

ఫలితాలు బయట పెట్టేటప్పుడు చోట్ల కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు ఇవ్వకండి. జీబీఐఎఫ్ లాంటి జీవజాతుల బహిరంగ డేటా నిల్వల్లో 0.1 డిగ్రీకి, అంటే సుమారు 11 కిలోమీటర్లకి మసకబార్చి పెట్టవచ్చు. కచ్చితమైనవి అటవీ శాఖ దగ్గర, మీ దగ్గర, సంతకం పెట్టిన రైతు దగ్గర అతని చెరువు వరకు ఉంటే చాలు.

ఏటిపాయ

ఒకటి చేర్చడం మరిచాను. ఏ విడతలోనూ 20 కెమెరాలూ ఒకేసారి కట్టకండి. 17 కట్టి 3 చేతిలో ఉంచుకోండి. నీళ్ళు పోయినవీ, చీమలు గూడు పెట్టినవీ, పోయినవీ ఉంటాయి, కార్డు మార్చడానికి పోయిన రోజే వాటి చోట కొత్తది కట్టి రావాలి. లేకపోతే ఆ చోట 30 రోజుల లెక్క మధ్యలో తెగిపోతుంది. చుక్కలలెక్క గారు చెప్పిన 60 చోట్లు అప్పుడు 51 అవుతాయి, నెల మొత్తం నడిచిన 51 చోట్లే మీకు మేలు. అలాగే ప్రతి కార్డు మార్పిడికీ ఒక అచ్చు కాగితం ఉండాలి: చోటు అంకె, కెమెరా అంకె, తీసిన కార్డు, వేసిన కార్డు, బ్యాటరీ గీతలు, కెమెరా ఒరిగిందా, నీటి గీత ఎక్కడిదాకా. పెన్సిలుతో రాయించండి, తడిస్తే పెన్ను సిరా పోతుంది.